చేసిన పనికి ఒక మందు, చేయని పనికి వేరొక మందు: పశ్చాత్తాపాన్ని ఎలా తగ్గించుకోవాలి

తిరుపతిలో పుట్టి పెరిగినవారిని, మెట్ల దారిన కొండకు నడిచి ఎన్నేళ్లయిందో అడిగి చూడండి. ఎక్కడెక్కడి నుంచో రైలెక్కి వచ్చినవారు అలిపిరి పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి 3,550 మెట్లు ఎక్కి వెళ్తుంటే, పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసి తలెత్తితే కొండ కనిపించే ఊళ్లో ఉన్న మనం పదేళ్లనో పదిహేనేళ్లనో లెక్క చెప్పి, ‘‘కొండ యాడికి పోతాదిలే’’ అని ఊరుకుంటాం. నన్ను అన్నిటికంటే ఎక్కువ కాలం వెంటాడిన బాధ ఆ ఒక్క మాట నుంచి పుట్టినదే. దాని సంగతి చివర చెబుతాను. ‘‘అలా చేయకుండా ఉండవలసింది’’ అనే బాధ, ‘‘చేసి ఉంటే బాగుండేది’’ అనే బాధ చూడడానికి తోబుట్టువుల్లా కనిపిస్తాయి గాని వాటి నడక వేరు, వాటికి పనిచేసే మందు వేరు. ఒకదాని మందు రెండోదానికి వాడడం వల్లనే చాలామందికి ఏళ్ల తరబడి ఉపశమనం దొరకడం లేదని నా నమ్మకం.

మొదటి పని: రెండు కుప్పలుగా విడదీయడం

ఒక నోటుపుస్తకం తీసుకుని, ఒక పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు ‘చేసినవి’ అని, కుడివైపు ‘చేయనివి’ అని రాయండి. ఇంట్లో అందరూ పడుకున్నాక, ఫోను పక్క గదిలో పెట్టి, ఓ ఇరవై నిమిషాలు కూర్చుంటే చాలు. ఒక్క రాత్రిలో అన్నీ గుర్తుకు రావు కాబట్టి వరసగా మూడు నాలుగు రాత్రులు కూర్చోండి. మొదటి రాత్రి పైపైన తేలేవి వస్తాయి, మూడో రాత్రికి అడుగున ఉన్నవి కదులుతాయి.

ప్రతి వాక్యమూ ఒక పనిని చెప్పే క్రియతో ముగియాలి. ఈ నియమాన్ని మాత్రం సడలించకండి. ‘‘నేను మంచి అన్నను కాను’’ అని రాస్తే అది తీర్పు అవుతుంది, తీర్పుకు మందు లేదు. ‘‘ఫలానా రోజు నలుగురి ముందు తమ్ముణ్ణి అవమానించాను’’ అని రాస్తే అది ఒక పని, దాని విషయంలో ఏదో ఒకటి చేయడానికి వీలుంటుంది. అలాగే ‘‘నా జీవితం వృథా అయింది’’ అన్నది ఏ వైపూ పట్టదు. ‘‘ఇరవై రెండేళ్ల వయసులో చెన్నైలో వచ్చిన ఉద్యోగంలో చేరలేదు’’ అన్నది కుడివైపుకు వెళ్తుంది. కొన్ని రెండు వైపులా పట్టేలా కనిపిస్తాయి. చదువు మానేయడం చేసిన పనా, చదవకపోవడమనే చేయని పనా? అటువంటప్పుడు, ఆ రోజు మీరు లేచి వెళ్లి ఏదైనా చేశారా, లేక రోజులు గడిచిపోనిచ్చారా అని ప్రశ్నించుకోండి. ఎటు రాయాలో తెలిసిపోతుంది.

రాస్తుండగా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన వచ్చినా పుస్తకం మూసివేయండి. అది ఒంటరిగా చేసుకోదగిన పని కాదు. ఇంట్లో నమ్మకమైనవారికి చెప్పండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడేవారు ఉంటారు.

రెండో పని: ఏది ఎలా నొప్పి పెడుతుందో తెలుసుకోవడం

డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1982లో ఒక చిన్న కథ చెప్పి జనాన్ని అడిగారు. ఒకరు తన షేర్లను మరొక కంపెనీకి మార్చాలనుకుని మార్చలేదు. ఇంకొకరు తన దగ్గరున్న మంచి షేర్లను మార్చేశారు. చివరకు ఇద్దరికీ పోయింది సమానంగా 1,200 డాలర్లే. ఎవరికి ఎక్కువ బాధ కలుగుతుందని అడిగితే 92 శాతం మంది మార్చినవారికే అన్నారు. మన అనుభవమూ అదే చెబుతుంది. చేజేతులా చేసుకున్నదని తెలిసినప్పుడు కలిగే మంట ఇంకెప్పుడూ కలగదు.

అయితే కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ గిలోవిచ్, ఆయనతో కలిసి పనిచేసిన విక్టోరియా మెడ్వెక్ 1994, 1995లలో ప్రచురించిన పరిశోధనల్లో కాలం అనే లెక్కను కలిపి చూశారు. గడచిన వారం రోజుల్లో దేని గురించి ఎక్కువ బాధపడుతున్నారని అడిగితే చేసిన పనుల గురించి అన్నవారు 53 శాతం, అంటే సగం కంటే కాస్త ఎక్కువ. అదే మనుషులను జీవితం మొత్తం తలచుకుని చెప్పమంటే 84 శాతం మంది చేయకుండా విడిచిన పనుల గురించే చెప్పారు. చేసిన తప్పు ఆ వారం భగ్గుమంటుంది, చేయని పని ఏళ్ల పాటు నివురు కింద నిప్పులా ఉంటుంది.

ఎందుకిలా జరుగుతుందో అర్థమైతే తర్వాతి పనులు సులువవుతాయి. చేసిన పని విషయంలో మనం చేతులు ముడుచుకుని కూర్చోము. క్షమాపణ అడుగుతాం, అప్పు తీరుస్తాం, చెడిపోయిన పెళ్లి సంబంధానికి బదులు మరొకటి వెతుకుతాం, ఏమీ కుదరకపోతే ‘‘దానివల్ల ఒక బుద్ధి వచ్చింది’’ అని సమాధానమైనా చెప్పుకుంటాం. చేయని పనికి ఇవేవీ వర్తించవు. పైగా ఆ రోజు మనల్ని వెనక్కు లాగిన భయం, డబ్బు ఇబ్బంది, నాయన కోపం ఇవన్నీ కాలం గడిచేకొద్దీ చిన్నవైపోయి, ‘‘అంత చిన్నదానికి ఎందుకు వెనక్కు తగ్గానో’’ అని మనకే వింతగా తోస్తుంది. చేసిన పనికి ఫలితం ఒక్కటే, అది కళ్లముందే ఉంటుంది. చేయని పనికి మనసు ఎన్ని ఫలితాలనైనా ఊహించి చూపిస్తుంది, అన్నీ మంచివే చూపిస్తుంది. చేరని ఆ చెన్నై ఉద్యోగంలో మీ పైఅధికారి ఏ రోజూ మిమ్మల్ని కసురుకోడు.

మూడో పని: ఎడమవైపున్నవాటికి, అంటే చేసినవాటికి, వెంటనే మరమ్మతు

ఇక్కడ ముందుగా ఒక వడపోత అవసరం. రాసుకున్న ప్రతి పని పక్కనా, ఆ రోజు మీకు ఏమేమి తెలుసో రాయండి. ఆ రోజుకు తెలిసినవి మాత్రమే రాయండి. మా బంధువుల్లో ఒకాయన రేణిగుంట దారిలో ఉన్న రెండెకరాలను కూతురి పెళ్లికి అమ్మేశారు. ఇప్పుడు ఆ దారిన బస్సు వెళ్తున్నప్పుడల్లా కిటికీ వైపు చూడరు. ఆ రోజు ఆయనకు తెలిసినదేమిటంటే, పెళ్లి ముహూర్తం నలభై రోజుల్లో ఉంది, వడ్డీకి తెస్తే తీర్చే దారి లేదు, ఆ నేలలో బోరు రెండుసార్లు వేసినా నీరు పడలేదు. ఆ మూడింటినీ కాగితం మీద పెడితే, బుద్ధి ఉన్నవారెవరైనా అదే చేసేవారని తేలుతుంది. భూమి ధర పెరుగుతుందన్నది తర్వాత వచ్చిన జ్ఞానం, దానితో అప్పటి మనిషిని శిక్షించడం అన్యాయం. ఇలాంటివాటి మీద గీత కొట్టేయండి. నష్టం నష్టమే, దానికి బాధపడవచ్చు, అయితే తప్పు చేశానన్న బరువు మోయనక్కరలేదు.

గీత కొట్టాక మిగిలేవి, తెలిసి తెలిసి చేసినవి. వాటిలో ఎక్కువ భాగం ఎవరో ఒకరిని నొప్పించినవే అయి ఉంటాయి. నా పేజీలో మిగిలినదాన్ని చెబుతాను. నాయన పోయాక ఐరాల దగ్గర మా ఊళ్లో భాగపరిష్కారానికి పెద్దమనుషులు కూర్చున్నప్పుడు, మామిడితోట లెక్క దగ్గర మాటామాటా పెరిగి, ‘‘ఊళ్లో కూర్చుని తినడం తప్ప నువ్వేం చేసినావు’’ అని తమ్ముణ్ణి అన్నాను. వాడు బదులు చెప్పలేదు. చేతిలో ఉన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచాడు. పది రోజుల తర్వాత ఫోను చేసి, ‘‘నీకేమన్నా బాధ కలిగుంటే మనసులో పెట్టుకోబాక’’ అన్నాను. ‘‘సరేలే అన్నా’’ అని పెట్టేశాడు. రెండేళ్లు మా ఇంటి గడప తొక్కలేదు.

అది క్షమాపణ అని నేను అనుకున్నాను గాని, ‘కలిగుంటే’ అన్న మాటతో తప్పు ఉందో లేదో తేల్చుకునే భారాన్ని వాడి మీదికే నెట్టానని ఆలస్యంగా తెలిసింది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ లెవికీ, సహచరులు 2016లో ప్రచురించిన పరిశోధనలో క్షమాపణలో ఉండే ఆరు భాగాలను పోల్చి చూస్తే, ‘‘తప్పు నాది’’ అని ఒప్పుకోవడం అన్నిటికంటే ముఖ్యమైనదిగా, జరిగిన నష్టాన్ని సరిదిద్దుతాననడం దాని తర్వాతదిగా, ‘‘నన్ను క్షమించు’’ అని అడగడం అన్నిటికంటే తక్కువ బలమున్నదిగా తేలింది. కాబట్టి మీరు చెప్పబోయేదాన్ని ముందు కాగితం మీద రాసుకుని, అందులో ‘ఉంటే’, ‘కానీ’, ‘నువ్వు కూడా’ అనే మాటలుంటే కొట్టివేయండి. ఏ పని చేశారో పేరు పెట్టి చెప్పండి. దానివల్ల ఎదుటివారికి ఏం పోయిందో చెప్పండి. అవమానం నలుగురిలో జరిగి ఉంటే, ఒప్పుకోలు కూడా ఆ నలుగురిలోనే జరగాలి.

రెండోసారి క్షమాపణకు నేను ఊరికి వెళ్లి, ఆనాడు కూర్చున్నవారిలో ఇద్దరిని పిలిపించి, వారి ముందే, ‘‘ఆ రోజు నేనన్నది తప్పు. నాయనకు మందులు తాగించింది, ఆసుపత్రికి తిప్పింది నువ్వు. నేను నెలకొక తూరి వచ్చి పోయినవాణ్ణి’’ అన్నాను. తమ్ముడు కాసేపు తోట వైపు చూసి, ‘‘కాఫీ తాగుతావా అన్నా’’ అన్నాడు. అంతకు మించి మేము దాని గురించి మాట్లాడుకోలేదు.

కాణిపాకం పోయి వచ్చినవారికి బాహుదా నది కథ తెలిసే ఉంటుంది. శంఖుడు, లిఖితుడు అనే అన్నదమ్ములు యాత్రకు వస్తూండగా, ఆకలికి తాళలేక తమ్ముడైన లిఖితుడు రాజుగారి తోటలో అడగకుండా మామిడిపండు కోసుకు తిన్నాడు. అన్న వద్దన్నా వినలేదు. విషయం రాజు దాకా వెళ్లింది, ఆయన లిఖితుడి రెండు చేతులూ నరికించాడు. ఆ తర్వాత అతడు గుడి పక్కనున్న ఏటిలో మునగగానే చేతులు తిరిగి వచ్చాయి. బాహువులు ఇచ్చినది కాబట్టి ఆ ఏరు బాహుద అయింది. పండుకు చేతులు నరకడం ఎంత కఠినమైన శిక్ష అని చిన్నప్పుడు ఈ కథ విని ఏడ్చినవాణ్ణి. ఇప్పుడు నాకు ఆ కథలో వరస ముఖ్యమనిపిస్తుంది: తప్పు బయటపడింది, దానికి కట్టవలసింది కట్టాడు, ఆ తర్వాతే నీళ్లలో మునిగాడు. మనం తరచుగా మొదటి రెండూ వదిలేసి నేరుగా నీళ్లలో మునగాలని చూస్తాం.

ఎదుటివారు మాట్లాడడానికి ఇష్టపడకపోతే ఒక ఉత్తరం రాసి, ఇక అక్కడితో ఆగండి. పదేపదే వెంటపడడం మీ ఊరట కోసమే అవుతుంది.

నాలుగో పని: కుడివైపున్నవాటిని వడపోసి, మిగిలినవాటికి ముడుపు కట్టడం

చేయనివాటి జాబితా చాంతాడంత అవుతుంది, దాన్ని చూసి భయపడకండి. అందులో సగానికి సగం మీవి కావు. డాక్టరు చదవాలన్నది నాయన కోరిక అయి ఉండవచ్చు, మిద్దె మీద మిద్దె వేయాలన్నది ఎదురింటివారిని చూసి పుట్టి ఉండవచ్చు. కోపంలో అనకుండా మింగేసిన మాట, స్నేహితుడు ఎంత బతిమాలినా హామీ సంతకం పెట్టకపోవడం వంటివి కూడా ఈ జాబితాలోకి చొరబడతాయి. ఇవి చేయకపోవడమే మంచిదైన పనులు. ‘‘తర్వాత బాధపడకుండా ఉండాలంటే ఏదైనా చేసేయాలి’’ అని ఈమధ్య చాలామంది చెబుతున్నారు, ఆ సలహాను నేను ఒప్పుకోను. ఒక పని ఎవరూ చూడకపోయినా, ఎవరికీ చెప్పుకోలేకపోయినా మీరు చేయాలనుకుంటారా అని అడగండి. అవునన్నవే ఉంచండి. నాలుగైదు మిగులుతాయి.

వాటిలో ఇప్పటికీ చేయగలిగినవాటిని ముందు తీసుకోండి. మధ్యలో ఆపించిన పనులు పూర్తయిన పనుల కంటే ఎక్కువగా మనసులో ఉంటాయని బ్లూమా జైగార్నిక్ అనే శాస్త్రవేత్త 1927లో ప్రచురించిన పరిశోధనలో గమనించారు. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు మరో మంచి సంగతి చూపించారు. పని పూర్తి కాకపోయినా, దాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తారో స్పష్టంగా ప్రణాళిక వేసుకున్నవారికి ఆ పని తాలూకు ఆలోచనలు అడ్డుపడడం తగ్గింది. అంటే కోరికకు తారీఖు, చోటు, మొదటి కదలిక ఇస్తే మనసు పట్టు వదులుతుంది.

మన అవ్వలకు ఇది ఎవరూ నేర్పకుండానే తెలుసు. మొక్కుకున్నప్పుడు మాటతో వదిలేయకుండా, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి ముడుపు కట్టి దేవుడి గూట్లో పెడతారు. అది కళ్లకు కనిపిస్తుంది, చేతికి తగులుతుంది. ఇల్లు ఊడ్చినప్పుడల్లా పనిని గుర్తు చేస్తుంది. మీరూ అదే చేయండి. వీణ నేర్చుకోవాలనుకుంటే, ‘‘వచ్చే శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఫలానా టీచరు గారింటికి వెళ్లి ఫీజు ఎంతో అడుగుతాను’’ అని రాసి, ఆ చీటీని రోజూ చేయి తగిలే చోట, బియ్యం డబ్బా మూతకో బీరువా తలుపుకో అంటించండి. ఒకేసారి రెండు ముడుపులు కట్టవద్దు.

కొన్నిటిని ఉన్నది ఉన్నట్టుగా చేయడానికి వయసో ఒళ్లో సహకరించదు. అప్పుడు ఆ కోరికలో మీకు నిజంగా కావలసినదేమిటో విడదీసి చూడండి. మా వీధిలో ఒక అక్కకు టీచరు కావాలని ఉండేది, ఇంట్లో చదివించలేదు. ఇప్పుడు సాయంత్రం పూట ఆరుగురు పిల్లలను వరండాలో కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పిస్తుంది. ఆమెకు కావలసింది సంతకం పెట్టే రిజిస్టరు కాదని, పిల్లలు ‘‘అక్కా, ఇది చూడు’’ అని పలక తెచ్చి చూపడమని ఆమె మొహం చూస్తే తెలుస్తుంది.

ఐదో పని: ఇకముందు తీసుకునే నిర్ణయాలకు

ఈ మొత్తం ప్రయాసలో నేను నేర్చుకున్న నియమం ఒకటుంది. వెనక్కు తిప్పలేని పని చేసే ముందు ఆగండి, వెనక్కు తిప్పగల పని చేయడానికి ఆగకండి. చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడికి ధర పడిపోయిన ఏడాది కోపంతో రంపం తెచ్చి తోట నరికించినవారిని చూశాను. అంటు మామిడి కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది, నరకడానికి ఒక్క పూట చాలు. అలాంటి పనికి ఒక పంటకాలమైనా గడువు ఇవ్వండి. విడాకులు, భూమి అమ్మకం, ఉద్యోగానికి రాజీనామా, బంధువుతో తెగతెంపులు కూడా ఈ కోవలోవే. ఇక ఒక తరగతిలో చేరడం, పాత స్నేహితుడికి ఫోను చేయడం, దరఖాస్తు పంపడం, ముసలివారిని తీసుకుని ఒక ఊరు వెళ్లి రావడం వంటివి నచ్చకపోతే మానుకోగలిగినవి. వీటికి ఆలోచన ఎక్కువైతే అవి కుడివైపు జాబితాలో చేరిపోతాయి. దగ్గరలో ఉన్నది, ఎప్పుడైనా చేయగలిగినది అని మీకు తోచిన పనినే ముందు అనుమానించండి.

చివరిది: ఇక ఎన్నటికీ చేయలేనివాటి విషయంలో

మా అవ్వకు మెట్ల దారిన కొండెక్కుతూ మెట్టుమెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెట్టాలని ఉండేది. ‘‘ఈ తూరి మెట్ల దోవన పోదాం నాయనా, నువ్వు పక్కన ఉంటే చాలు’’ అనేది. ‘‘ఎండలు తగ్గనీ అవ్వా, కొండ యాడికి పోతాది’’ అనేవాణ్ణి. ఎండలు తగ్గాక వానలు వచ్చాయి, వానల తర్వాత నాకు పని ఎక్కువైంది, ఆ మరుసటి ఏడు ఆమె మోకాళ్లు పట్టేశాయి. మూడేళ్లకు పోయింది. ఆమె రేకు పెట్టె తెరిచినప్పుడు చీరల కింద వార్తాపత్రికలో చుట్టిన పొట్లం కనిపించింది. ఒక వైపు పసుపు, ఒక వైపు కుంకుమ, నడుమ కర్పూరం బిళ్లలు కరిగి కాగితానికి వాసన మాత్రం మిగిల్చాయి. నేను ఒప్పుకున్న రోజున ఆలస్యం కాకూడదని ఆమె ముందే సిద్ధం చేసి పెట్టుకుంది.

ఇలాంటిదానికి క్షమాపణ పనిచేయదు, తారీఖూ పనిచేయదు. చేయగలిగింది ఒకటే: మనం చేయకుండా విడిచిన పని ఎవరి కోసమో, వారి చేతిలో ఉన్నదాన్ని అందుకుని, వారికి దగ్గరివారైన ఇంకెవరితోనైనా చేయడం. దానివల్ల బాధ పూర్తిగా పోతుందని నేను చెప్పలేను. నాకు పోలేదు. అయితే ఒకప్పుడు కొండ వైపు చూడలేకపోయేవాణ్ణి, ఇప్పుడు చూడగలుగుతున్నాను. మీరు చేసేటప్పుడు ఆ మనిషికి ఇష్టమైన తీరులోనే, తొందరపడకుండా చేయండి, ఫొటోలు తీయకండి, ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోకండి.

నేను అమ్మను తీసుకుని ఒక కార్తీక మాసపు తెల్లవారుజామున అలిపిరి దగ్గర మొదలుపెట్టాను. తలయేరు గుండు అనే బండ దగ్గర అమ్మ మోకాళ్లు ఆనించి మొక్కుకుంది. నేను వంగి పసుపు రాస్తుంటే అమ్మ కుంకుమ పెడుతూ వచ్చింది. పాత పసుపు రంగు తగ్గిపోయి ఉంది, తడి వేలికి సరిగా అంటలేదు. గాలిగోపురం చేరకముందే పొట్లం ఖాళీ అయింది. అమ్మ ఆ కాగితాన్ని మడిచి కొంగున కట్టుకుని, దారి పక్క దుకాణంలో ఇంకో పొట్లం కొన్నది.